పరగడుపు పరీక్ష దాచే ప్రమాదం

కర్ణాటకలోని సందూరు కొండల్లో ఉన్న దోణిమలైలో 1977 నుంచి ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం తవ్వి తీస్తోంది. గని దుమ్ములో పనిచేసేవారికి దగ్గు పట్టుకుంటే మొదట అనుమానించేది టీబీనే. అది సబబు కూడా. కానీ షుగర్ ఉండి స్టెరాయిడ్ వాడుతున్న మనిషికి జ్వరం, ఆయాసం, కళ్లెలో రక్తం కనబడితే ఊపిరితిత్తుల్లో ఫంగస్ కూడా కావచ్చు. లక్షణాలు కలిసిపోతాయి, మందులు మాత్రం కలవవు. పాత టీబీ గుల్ల చేసిన చోట పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌కు ఇచ్చే మందు వోరికొనజోల్, రక్తనాళాల్లోకి చొరబడే మ్యూకర్ అనే మరో ఫంగస్ మీద పనిచేయదు. ఏ ఫంగసో తేలాలంటే సీటీ స్కాన్, బ్రాంకోస్కోపీ, బయాప్సీ దాకా వెళ్లాల్సి వస్తుంది. అంతవరకు మ్యూకర్ ఆగదు. అందుకే ఈ జబ్బుకు అడ్డుకట్ట స్టెరాయిడ్ చీటీ రాసే బల్ల దగ్గరే పడాలి.

ఆ అడ్డుకట్ట లేకపోతే ఏమవుతుందో 2021లో కోవిడ్ వేళ చూశాం. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ, కర్ణాటక మ్యూకర్ వల్ల వచ్చే బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ప్రకటించాయి. జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఎక్కువమందికి సోకింది ముక్కుకు, కంటికి. ఊపిరితిత్తులకు సోకినవారు తక్కువే అయినా వారిని కాపాడటం మరీ కష్టం. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం పోస్తుందని, అవసరం లేనివారికి మేలు చేయదని బ్రిటన్‌లోని రికవరీ అధ్యయనం 2020లోనే తేల్చింది. అయినా ఇళ్లలో ఉన్న రోగులు సైతం స్టెరాయిడ్ మాత్రలు మింగారు. స్టెరాయిడ్ తెల్ల రక్తకణాల పోరాట శక్తిని తగ్గిస్తుంది, పైగా చక్కెరను పెంచుతుంది. చక్కెర బాగా అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారితే, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ పట్టి ఉంచిన ఇనుము విడుదలై మ్యూకర్‌కు మేత అవుతుంది. గని దుమ్ములోని ఇనుముతో దీన్ని ముడిపెట్టకూడదు. ఇది మన రక్తంలోదే.

షుగర్ పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి కదా అనవచ్చు. చిక్కంతా వేళలో ఉంది. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు చక్కెరను ఎగదోస్తుంది. తెల్లారేసరికి అది దిగిపోవచ్చు. పరగడుపున చేసిన పరీక్ష బాగుందంటే రోగి, వైద్యుడు ఇద్దరూ నిశ్చింతగా ఉంటారు. స్టెరాయిడ్ మొదలైన వారంలోనే మధ్యాహ్న భోజనం తర్వాత రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూడటం నియమం కావాలి.

ఇలా చెబితే ఆస్తమా రోగులు భయపడి మందు మానేస్తారన్న ఆందోళన న్యాయమైనదే. ఇన్‌హేలర్‌లో వెళ్లే మోతాదు మాత్రలతో పోల్చదగింది కాదు. దాన్ని మానితేనే ముప్పు. వారాల తరబడి మాత్రలు వాడినవారు హఠాత్తుగా ఆపినా ప్రాణం మీదికి వస్తుంది. నా అభ్యంతరం స్టెరాయిడ్ మీద కాదు, చీటీ లేకుండా దుకాణంలో దొరకడం మీద, కీళ్లనొప్పికి పేరు చెప్పకుండా ఇచ్చే సూది మీద. ఇంత అరుదైన జబ్బుకు ఇంత హడావుడి ఎందుకన్న ప్రశ్నా ఉంది. భోజనానంతర పరీక్ష ఫంగస్ ఒక్కదాని కోసమే కాదు; అదుపు తప్పిన షుగర్ టీబీ ముప్పునూ రెండు మూడు రెట్లు పెంచుతుంది. గనుల నిబంధనల ప్రకారం కార్మికులకు నిర్ణీత కాలానికి వైద్య పరీక్షలు ఎలాగూ జరగాలి. ఛాతీ ఎక్స్‌రే తీసే ఆ రోజునే ఏ మాత్రలు, ఏ సూదులు వాడుతున్నారో అడిగి, భోజనం తర్వాత చక్కెర చూసి, ఆ రెండు జవాబులూ ఎక్స్‌రే పక్కనే రాసిపెట్టాలి. కాంట్రాక్టు కార్మికుణ్ణి కూడా అదే బల్ల ముందు కూర్చోబెట్టాలి.