మందిరపు షెడ్డులో అరలకు తలుపులు వద్దు



మన పల్లె సంఘాల్లో మందిరము పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. కారు కోసమని వేస్తారు. కారు ఉన్నా లేకున్నా షామియానా, వంటపాత్రలు, కుర్చీలు, క్రిస్మస్ స్టారు, కోత పండుగ బియ్యం మూటలు, ఎవరో ఇచ్చిన దుప్పట్లు అందులో నేలమీదే పడి ఉంటాయి. అరలు వేయిద్దామనగానే పెద్దలు తలుపులు, తాళాలు ఉన్న బీరువాల మాట ఎత్తుతారు. తలుపుల్లేని మామూలు అరలే మేలని మా అభిప్రాయం.

షెడ్డుకు ఇటుక గోడలుంటే కడప బండ వేయించండి. మన అమ్మమ్మల వంటిళ్ళలో గూళ్ళకు వేసింది అదే. చెద పట్టదు, తుప్పు పట్టదు. అయితే బరువుకు మధ్యలో విరిగే గుణం ఉంది కాబట్టి మూడడుగులకొక ఆధారం ఉండాలి. గోడలు లేకపోయినా, స్థలం బాడుగదైనా రంధ్రాలున్న ఇనుప యాంగిల్ ర్యాకు మంచిది. నట్లు, బోల్టులు విప్పి ఇంకోచోటికి తీసుకుపోవచ్చు. మూలలకు చిన్న ప్లేట్లు బిగించకపోతే మాత్రం ఊగుతుంది. చెక్క అరలకు చెదలతో ఎప్పుడూ పోరాటమే.

కింది అర నేలకు అడుగున్నర పైన ఉండాలి. 2021 నవంబరు వానలు మరచిపోలేదు కదా? తిరుపతి వీధులు నీళ్ళలో ఉన్నాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. దుప్పటి అవసరమైన రోజు అది. నేలమీద పెట్టిన దుప్పటి ముందుగా తడిసేదీ ఆ రోజే.

ఇక తలుపుల సంగతి. నెహెమ్యా గ్రంథము 13వ అధ్యాయము చదవండి. దేవుని మందిరములో నైవేద్యాలు, ధాన్యము, నూనె ఉంచే పెద్ద గదిని యాజకుడైన ఎల్యాషీబు తన బంధువు టోబీయాకు ఇచ్చేశాడు. లేవీయులకు, గాయకులకు రావలసిన పాళ్ళు అందక వాళ్ళు తమ పొలాలకు వెళ్ళిపోయారు. నెహెమ్యా టోబీయా సామానంతా బయట పారవేయించి, గదులు శుభ్రం చేయించి, పంచిపెట్టడానికి నమ్మకమైనవాళ్ళను నియమించాడు. మన షెడ్లలోనూ చిన్న చిన్న టోబీయాలున్నారు. పాస్టరుగారి పాత మంచము, పెద్దగారి చెనక్కాయల మూటలు! తలుపు లేకపోతే ఆదివారము వచ్చిన ప్రతి విధవరాలికీ అర కనిపిస్తుంది. ఏమి వచ్చింది, ఇంకా ఎందుకు ఇవ్వలేదు అని అడగగలదు. ఆ ప్రశ్న ఇష్టం లేకనే కొందరికి తలుపులు కావాలి.

దొంగల భయముంటే షెడ్డు గేటుకు తాళం వేయండి, తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండనివ్వండి.

నిలువ చేయడమే పాపమని మేము అనడం లేదు. ఐగుప్తులో యోసేపు ఏడేండ్లు ధాన్యము కూర్చాడు, కరవు రాగానే కొట్లు తెరిచాడు. లూకా 12లోని ధనవంతుడు పెద్ద కొట్లు తలపెట్టాడే గాని, వాటిని ఎవరికోసం తెరవాలో ఆలోచించలేదు. కాబట్టి ప్రతి అరకూ ఒక కాగితము అంటించండి. ఏమిటి, ఎప్పుడు వచ్చింది, ఎవరికి ఇచ్చాము అని మూడు గడులు చాలు.

మనవైపు పెద్ద వానలు అక్టోబరు నుండి. ఆలోపు దుప్పట్లను గోడకు తగలకుండా పై అరకు ఎక్కించండి. అవి ఎవరికి చేరాలో పేర్లు కూడా అప్పుడే రాసిపెట్టండి.