పోయే ఆటగాడి లెక్క

ఫుట్‌బాల్‌ క్లబ్బుల మాట వచ్చినప్పుడు ఈ యేడు కొత్తగా ఎవరిని తెచ్చారు, ఎంత పెట్టి తెచ్చారు అని అందరూ అడుగుతారు. పోయినవారు ఎట్లా పోయారని అడిగేవారు తక్కువ. జీతం పూర్తిగా ముట్టజెప్పి పంపారా, కాలు విరిగితే వైద్యం చేయించారా, వేరే జట్టులో చేరడానికి కాగితం ఇచ్చారా అన్న సంగతులు మూలకు పోతాయి. కాని ఒక క్లబ్బు నిలుస్తుందా, కూలుతుందా అన్నది ముందుగా తెలిసేది అక్కడే. హైదరాబాదు పేరు పెట్టుకొని ఆరేళ్లు ఆడిన క్లబ్బు కథే ఇందుకు సాక్ష్యం.

2019లో పూనా క్లబ్బు మూతపడగా దాని స్థానంలో హైదరాబాదు ఎఫ్‌సి ఇండియన్‌ సూపర్‌ లీగులో ప్రవేశించింది. మొదటి యేడు చిట్టచివరి స్థానంలో నిలిచింది. మరుసటి యేడు స్పెయిన్‌ దేశస్థుడు మనోలో మార్క్వెజ్‌ శిక్షకుడుగా వచ్చి, పేరున్నవారి వెంట పడకుండా కుర్రవాళ్లను నమ్మి జట్టు కట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనలు ఆట 1-1గా ముగిసింది. పెనాల్టీల్లో గోల్‌కీపరు లక్ష్మీకాంత్‌ కట్టిమణి మూడు బంతులు ఆపడంతో 3-1తో కప్పు హైదరాబాదుకు దక్కింది. నైజీరియా ఆటగాడు ఒగ్బెచె ఆ సీజనులో 18 గోల్స్‌ చేశాడు. ఒకనాడు దేశానికి ఫుట్‌బాల్‌ నేర్పిన నగరానికి ఇంత కాలానికి మళ్లీ మంచిరోజులు వచ్చాయని పాతతరం వారు సంబరపడ్డారు.

ఆ మంచిరోజుల్లో కూడా ఆటగాళ్లు వెళ్లిపోయారన్నది ఇక్కడ గమనార్హం. లిస్టన్‌ కొలాసో 2021లో, ఆశిష్‌ రాయ్‌ 2022లో కలకత్తా వెళ్లారు. ఆకాశ్‌ మిశ్రా 2023లో బొంబాయి క్లబ్బుకు మారాడు. ముగ్గురూ హైదరాబాదులో పదునెక్కినవారే. కొలాసోకు మంచి ధర పలికింది. తోట పెంచినవాడు కాయ అమ్ముకున్నట్లు క్లబ్బు అతన్ని పంపింది, ఆ చోట మరొకరిని నిలబెట్టింది. కొలాసో పోయిన మరుసటి సీజనులోనే కప్పు గెలిచింది! మంచి ఆటగాడు వెళ్లినంత మాత్రాన జట్టు పడిపోదన్నమాట.

పడిపోయింది 2023-24లో. ఆ సీజనులో జీతాలు ఆగిపోయాయి. పాత ఆటగాళ్ల బకాయిలపై ఫిర్యాదులు ప్రపంచ ఫుట్‌బాల్‌ సంఘమైన ఫిఫా దాకా వెళ్లాయి. బాకీ తీర్చేదాకా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోరాదని ఫిఫా క్లబ్బుపై నిషేధం విధించింది. పోయినవారి బాకీ ఎగ్గొట్టినందుకు వచ్చేవారికి తలుపు మూసుకుపోయింది. 2024 జనవరి నాటికి విదేశీ ఆటగాళ్లు, స్వదేశంలో పేరున్నవారు ఒకరి వెనుక ఒకరు దారి పట్టారు. విదేశీ శిక్షకుడూ వెళ్లిపోయాడు. మిగిలిన కుర్రవాళ్లను వెంటబెట్టుకొని తంగ్‌బోయ్‌ సింగ్తో జట్టును నడిపించాడు. ఎదుటి జట్లలో నలుగురైదుగురు విదేశీయులుంటే ఇక్కడ ఒక్కడు కూడా గగనమైనాడు. 22 ఆటల్లో గెలిచింది ఒక్కటే. రెండేళ్ల క్రితం కప్పు ఎత్తిన జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. తరువాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్‌ క్లబ్‌ ఢిల్లీ అన్న పేరు పెట్టుకున్నది. గచ్చిబౌలి మైదానంలో గొంతు చించుకొని అరిచిన అభిమానులకు మిగిలింది పాత చొక్కా మాత్రమే.

పశ్చిమ కర్నూలు పల్లెలకు ఈ కథలోని మనుషులు కొత్త గాని సంగతి కొత్త కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి యేటా మిరపకోతలకు గుంటూరు సీమకు, కట్టడపు పనులకు బెంగుళూరుకు వేలాది కుటుంబాలు వెళుతుంటాయి. అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయిన మేస్త్రీ ఆఖరున లెక్క తేల్చకపోతే ఏమవుతుందో వారికి చెప్పనక్కరలేదు. మరుసటి యేడు అతని లారీ ఎక్కడానికి ఆ ఊళ్లో మనిషి దొరకడు. ఉగాదికి జీతగాని లెక్క చూడని రైతుకు జీతగాడు దొరకని సంగతీ పెద్దలకు ఎరుకే. లక్షల జీతం తీసుకునే ఆటగాడైనా, దినకూలీ అయినా ఈ విషయంలో తేడా లేదు. వెళ్లినవాడు నోరు విప్పుతాడు, విన్నవాడు రాడు.

వెనుకటి కాలంలో అంతా ధర్మంగా జరిగిందని చెప్పలేము గాని, ఒక్క విషయంలో మాత్రం అప్పటి పద్ధతి మెరుగు. సయ్యద్‌ అబ్దుల్‌ రహీం 1943 నుంచి 1963లో కన్నుమూసే వరకు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్‌ కప్పు గెలిచింది. ఆ జట్టులోని ఆటగాడు ముందు పోలీసు ఉద్యోగి. మోకాలు దెబ్బతిన్నా, వయసు మీరినా యూనిఫారం ఉండేది, నెల జీతం వచ్చేది, పింఛను ఉండేది. రైల్వేలు, బ్యాంకులు, ఫ్యాక్టరీల జట్లలోనూ ఇదే పద్ధతి. ఆట ముగిసిన మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. ఈనాటి క్లబ్బు ఒప్పందం రెండేళ్లదో మూడేళ్లదో. అది ముగిసిన నాడు ఆటగాని చేతిలో మిగిలేది బూట్ల జత.

హైదరాబాదు ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తన్నుకుపోవడం ఆ కాలంలోనే మొదలైంది. కలకత్తాలో జట్లు మారే రోజులు వచ్చాయంటే, ఆటగాడు సంతకం పెట్టేదాకా ఎదుటి క్లబ్బువారి కంట పడకుండా అతన్ని ఏదో ఒక ఇంట్లో దాచిపెట్టడం అక్కడ మామూలు. పెండ్లికొడుకును విడిదిలో దాచినంత హడావుడి! హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్‌ హబీబ్‌ 1966లో ఈస్ట్‌ బెంగాల్‌లో చేరి, ఆ తరువాత మోహన్‌ బగాన్‌, మహమ్మడన్‌ స్పోర్టింగ్‌ల మధ్య ఎన్నిమార్లు మారాడో లెక్కపెట్టడం కష్టం. 1977లో పీలే వచ్చి ఆడిన కాస్మోస్‌ జట్టుపై మోహన్‌ బగాన్‌ తరఫున గోల్‌ కొట్టిన హబీబ్‌ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించాడు. క్లబ్బు మారినందుకు అతన్ని ఎవరూ ద్రోహి అనలేదు. ఏ చొక్కా తొడిగినా ప్రాణం పెట్టి ఆడతాడని మూడు క్లబ్బుల అభిమానులకూ తెలుసు.

తులసీదాస్‌ బలరాం కథ వేరు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన ఆ పేదింటి బిడ్డ 1957లో ఈస్ట్‌ బెంగాల్‌లో చేరాడు, నాయకత్వమూ వహించాడు. 1956 మెల్బోర్న్‌, 1960 రోమ్‌ ఒలింపిక్‌ క్రీడల్లో ఆడాడు. రోమ్‌లో హంగరీపై గోల్‌ చేశాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణపతకం నెగ్గిన జట్టులో అతడొకడు. ఆ తరువాత ఊపిరితిత్తుల జబ్బు చేసింది. క్లబ్బు వదలి రైల్వే జట్టు బి.ఎన్‌.ఆర్‌.లో చేరాడు. ముప్పయి యేళ్లు రాకముందే ఆటకు దూరమైనాడు. ఈస్ట్‌ బెంగాల్‌ అధికారులు తనను చూసిన తీరు మీద మనసులోని బాధను ఆయన కడదాకా దాచుకోలేదు. దశాబ్దాల తరబడి ఆ క్లబ్బు గడప తొక్కలేదు. 2023 ఫిబ్రవరి 16న 86వ యేట కన్నుమూశాడు. క్లబ్బుకు గోల్స్‌ మీద గోల్స్‌ చేసినవాడు, కలకత్తా పక్కనే ఉత్తరపాడాలో నివాసం ఉన్నవాడు, అరవై యేళ్లు ముఖం చాటేయవలసి రావడం శోచనీయం. జబ్బుపడిన ఆటగానితో ఆనాడు నాలుగు మంచి మాటలు మాట్లాడడానికి రొక్కం ఏమీ ఖర్చు కాదు గదా!

బయటి దేశాల్లో మాత్రం క్లబ్బులు మంచివనుకోనక్కరలేదు. బెల్జియంలో జాన్‌ మార్క్‌ బోస్మన్‌ అనే సాధారణ ఆటగానికి 1990లో లియేజ్‌ క్లబ్బుతో ఒప్పందం ముగిసింది. జీతం నాల్గవ వంతుకు కోసి కొత్త ఒప్పందం ఇవ్వజూపారు. అతను ఫ్రాన్సులోని డంకిర్క్‌ క్లబ్బుకు పోతానంటే, రుసుము ఇస్తేగాని వదలమన్నారు. ఒప్పందం లేదు, జీతం లేదు, విడుదలా లేదు. అప్పు తీరినా నోటు తిరిగివ్వని షావుకారు చందం. ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు స్వేచ్ఛగా పోవచ్చునన్నది. ఆ తీర్పుతో ఎందరో ఆటగాళ్లు కోటీశ్వరులైనారు. బోస్మన్‌ మాత్రం బీదరికంలో పడ్డాడు.

క్లబ్బుల పక్షాన చెప్పవలసినదీ ఉన్నది. అందరినీ ఎల్లకాలం ఉంచుకోవడం ఏ జట్టుకూ సాధ్యం కాదు. పదకొండుమంది ఆడే ఆటకు పాతికమందిని పోషించడమే భారం. కొత్త శిక్షకునికి కొత్త మనుషులు కావాలి, వయసు మీరినవాడు చోటు వదలాలి. ఆటగాళ్లలోనూ ఒప్పందం సగంలో ఉండగానే ఎక్కువ ఇచ్చేవారి వైపు చూసేవారున్నారు. పంపించడం తప్పు అని ఎవరూ అనరు. సీజను చివరిదాకా మాట ఇవ్వక, ఇచ్చిన మాట నిలుపక, ఫోను ఎత్తక, పత్రికలో చదివి తెలుసుకొనేట్లు చేయడం తప్పు. జీతం ఇవ్వలేని స్థితి వస్తే ఆ సంగతి ముందుగా చెప్పడమైనా ఒక మర్యాద. లీగు భవిష్యత్తు అయోమయంలో పడిన 2025 ఆగస్టులో బెంగుళూరు ఎఫ్‌సి మొదటి జట్టు ఆటగాళ్ల జీతాలు నిలిపివేస్తున్నట్లు బహిరంగంగానే ప్రకటించింది. మంచి వార్త కాకపోయినా, దాచిపెట్టి నెలలు గడపడం కంటే అది నయం.

ఇప్పుడు ఆటగానికి అండగా నిబంధనలు కూడా ఉన్నాయి. అవి మన పల్లెలకు తెలియకపోవడమే లోపం. న్యాయమైన కారణం లేకుండా రెండు నెలల జీతం ఎగ్గొడితే, పదిహేను రోజుల గడువుతో లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, అప్పటికీ చెల్లించకపోతే ఆటగాడు ఒప్పందం రద్దు చేసుకొని పోవచ్చునని 2018 నుంచి ఫిఫా నియమావళిలో ఉన్నది. 18 ఏళ్లు నిండని పిల్లవానితో మూడేళ్లకు మించి ఒప్పందం చేసుకోరాదని కూడా ఉన్నది. నోటిమాటగా అడిగితే ఇవేవీ పనిచేయవు. నోటీసు కాగితం, బ్యాంకు పాసుపుస్తకం, ఒప్పందం నకలు చేతిలో ఉన్నవాడిదే బలం. హైదరాబాదు క్లబ్బుపై నిషేధం వచ్చింది కూడా ఫిర్యాదులు కాగితం మీదికి ఎక్కినందువల్లనే.

కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల్లో ఫుట్‌బాల్‌ కంటే క్రికెట్‌కూ, కబడ్డీకీ, వాలీబాల్‌కే జనం ఎక్కువ మూగుతారన్నది నిజం. అయినా పక్కనున్న అనంతపురంలో రూరల్‌ డెవలప్‌మెంట్‌ ట్రస్టు క్రీడాగ్రామంలో పల్లె పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఫుట్‌బాల్‌ నేర్చుకొని పైకి వస్తున్నారు. ఇక్కడి బడి మైదానాల్లోనూ బంతి తన్నే పిల్లలకు కొదువ లేదు. రేపు వారిలో ఒకరిని ఏ క్లబ్బో, అకాడమీయో పిలిస్తే తండ్రి చేత సంతకం పెట్టించుకొనే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. పిల్లవాడికి చోటు దొరికిందన్న సంతోషంలో చదవకుండానే వేలిముద్ర వేసే ప్రమాదం ఉన్నది. ఊళ్లోని పంతులుచేతనో, వకీలుచేతనో ఆ కాగితం తెలుగులో చదివించుకోవాలి. జీతం ఎంతన్నది ఎట్లాగూ అడుగుతారు. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, జట్టులోనుంచి తీసేస్తే చదువు ఎక్కడ కొనసాగుతుంది, వేరే చోటికి పోతానంటే నిరభ్యంతర పత్రం ఎన్నాళ్లలో ఇస్తారు అన్నవి కూడా అడగాలి. జవాబు చెప్పడానికి విసుక్కొనే క్లబ్బు రేపు లెక్క తేల్చడానికీ విసుక్కుంటుంది.

పెద్ద క్లబ్బుల సంగతి అటుంచితే ఊరి జట్లు చేసేది మాత్రం తక్కువా? టోర్నమెంటుకు బయటినుంచి ఆటగాళ్లను తెచ్చి, ఓడిపోయిన సాయంత్రం బస్సు చార్జీలు కూడా ఇవ్వకుండా పంపిన జట్లు ఉన్నాయి. పక్క ఊరికి ఆడాడని కుర్రవాణ్ణి మైదానంలోకి రానివ్వని పెద్దమనుషులూ ఉన్నారు. ఏ ఆట అయినా ఈ పద్ధతి మానుకోవలసి ఉన్నది.

నేర్పినవారికి దక్కవలసిన వాటా కూడా ఒకటి ఉన్నది. ఆటగాడు ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు సొమ్ము మీద మారినప్పుడు, ఆ సొమ్ములో 5 శాతాన్ని అతనికి 12వ యేటి నుంచి 23వ యేటి వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. అయితే క్లబ్బు రిజిస్టరై ఉండాలి, పిల్లవాడు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అక్కడ ఆడాడో నమోదై ఉండాలి. పుస్తకంలో పేరు లేని జట్టుకు పైసా రాదు. జిల్లా ఫుట్‌బాల్‌ సంఘం తాలూకా కేంద్రాలకు వచ్చి ఈ నమోదు పద్ధతిని వ్యాయామ ఉపాధ్యాయులకు, యువజన సంఘాలకు తెలియజెప్పవలసి ఉన్నది. వచ్చే వేసవి పోటీలు మొదలుకాకముందే కోడుమూరులో ఆ పని జరిగితే, ఈ యేడు పన్నెండు నిండే పిల్లల పేర్లయినా పుస్తకంలోకి ఎక్కుతాయి.