రిబ్బను కత్తిరిస్తే ల్యాబు అయిపోతుందా?

‘‘కొత్త కరోనా వస్తే ఏముందండీ, జిల్లాకో ల్యాబుందిగా!’’ మొన్న టీవీ చర్చలో ఓ పెద్దమనిషి తేల్చేశాడు. పక్కవాళ్ళు తలలూపారు. నాకు ఒళ్ళు మండింది.

వీళ్ళ లెక్కలో ల్యాబంటే ఆర్టీపీసీఆర్ మిషను, శిలాఫలకం, కొబ్బరికాయ. కొత్త వైరస్‌ను ఆ మిషను దానంతటది పట్టుకోదు మహాశయా! ఆ వైరస్ జన్యువులో ఫలానా ముక్కకు అతుక్కునే ప్రైమర్లు, ప్రోబులు కావాలి. ఫలితం నమ్మాలంటే పాజిటివ్ కంట్రోల్ కావాలి. అవి లేకపోతే మిషను ఖరీదైన బీరువా. 2020 ఫిబ్రవరిలో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పంపిన కరోనా కిట్లు చాలా ల్యాబుల్లో సరిగా పనిచేయలేదు. అక్కడ మిషన్లు కరువా? కరోనాలో ఆల్ఫా రకం వచ్చినప్పుడు ఎస్ జీన్ వెతికే కొన్ని కిట్లకు ఆ జీనే కనిపించలేదు. అవే కిట్లు వేరే జీన్లు కూడా చూస్తాయి గనక సరిపోయింది.

2015లో మెర్స్ అనే మరో కరోనా జబ్బు 186 మందికి సోకాక దక్షిణ కొరియా బుద్ధి తెచ్చుకుంది. అత్యవసరంలో కిట్లకు వెంటనే అనుమతిచ్చే ఏర్పాటు చేసుకుంది. 2020 ఫిబ్రవరి 4కల్లా తొలి కిట్టుకు అనుమతి ఇచ్చేసింది. అప్పటికి అయిదు రోజుల ముందు, జనవరి 30న బయటపడ్డ మన తొలి కేసు త్రిస్సూర్‌ది. ఆ శాంపిల్ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) దాకా వెళ్తే గానీ సంగతి తేలలేదు.

అసలు నా కోపం మిషన్ల మీద కాదు. పీపీఈ సూట్లలో చెమటకు నానుతూ రాత్రింబవళ్ళు స్వాబులు పరీక్షించిన టెక్నీషియన్లను ఏం చేశారు? వాళ్ళలో కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్ళు ఎంతోమంది. ఉధృతి తగ్గగానే ‘‘ఇక రానక్కర్లేదు’’ అన్నారు. ఒక శాంపిల్ తుంపర ఇంకోదాంట్లో పడకుండా ట్యూబు తెరవడం, బయోసేఫ్టీ క్యాబినెట్‌లో చెయ్యి ఎక్కడిదాకా పెట్టాలో తెలియడం చేతికొచ్చిన విద్య. టెండరు పిలిస్తే దొరకదు. వాళ్ళ కోసం పళ్ళేలు మోగించాం, హెలికాప్టర్లలోంచి పూలు చల్లాం. జీతాల మాట ఎత్తితే మాత్రం బడ్జెట్ లేదు! పూలకు ఏ పద్దులోంచి తీశారో?

ప్రైవేటు ల్యాబులు చూసుకుంటాయంటారా? 2020 మార్చిలో ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధరే 4,500 రూపాయలు. కూలివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మరేం చేయాలంటారా? అనుభవమున్న వాళ్ళను కొందరినైనా పర్మినెంటు చేయండి. ఫ్లూ శాంపిళ్ళతో ఆ మిషన్లను రోజూ పనిచేయించండి. అప్పుడప్పుడూ ఏముందో చెప్పకుండా ఓ శాంపిల్ పంపి, ఏం తేలుస్తారో చూడండి. మిగతాది మైక్రోబయాలజిస్టులు చెప్తారు, ఎవరైనా అడిగితే.