జాకీ మీద నిలిచిన బండి కిందికి దూరవద్దు: సిరొంచ తాలూకా వాహనదారులకు విన్నపం

సిరొంచలోనూ, అంకిస, ఆసరెల్లి, బామ్ని దారుల్లోని ఊళ్లలోనూ బండి ఉన్న ప్రతి ఇంటివారికీ ఈ విన్నపం. ఆ బండి కారు కావచ్చు, బొలెరో కావచ్చు, సీట్లు నింపుకొని తిరిగే జీపు కావచ్చు, ట్రాక్టరు ట్రాలీ కావచ్చు. చక్రం విప్పడానికో, బ్రేకులు చూడడానికో, ఊడిన సైలెన్సరు కట్టడానికో దాన్ని పైకి లేపుతాం. అలా లేపిన బండి జాకీ ఒక్కదాని మీదే నిలబడి ఉంటే, ఎంత చిన్న పనైనా సరే, దాని కిందికి దూరకండి. ఇంట్లో ఎవరైనా దూరబోతుంటే కాళ్లు పట్టి వెనక్కి లాగండి.

మన దగ్గర రిపేర్లు ఇంటి ముందు వేపచెట్టు కిందే ఎందుకు జరుగుతాయో అందరికీ తెలుసు. జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆలాపల్లి దాకా అడవి రోడ్డు ఇన్నేళ్లుగా బండ్ల కమాన్లను, బేరింగులను ఎలా నమిలిందో ఎస్టీ బస్సు ఎక్కినవాళ్లు కూడా చెబుతారు. 2016 చివర్లో కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచాక తెలంగాణ వైపు రాకపోకలు తేలికయ్యాయి. అయినా కంపెనీ సర్వీసు కావాలంటే మంచిర్యాలకో, కరీంనగర్‌కో, చంద్రపూర్‌కో పోవాలి. బ్రేకు ప్యాడ్లు మార్చే పనికి ఒక రోజు కూలీ, ట్యాంకులో సగం డీజిలు ఎవరు పోగొట్టుకుంటారు? అందుకే మన పిల్లలు పానా పట్టడం చిన్నప్పుడే నేర్చుకుంటున్నారు. అది మంచి విద్య. మానమని ఎవరినీ అడగడం లేదు.

కానీ ప్రమాదం జరిగిన రోజు ఆ దూరమే మన ప్రాణం మీదికి వస్తుంది. సిరొంచ దవాఖానలో మొదటి చికిత్స దొరుకుతుంది. పరిస్థితి విషమిస్తే అహేరికో గడ్చిరోలికో, లేదా నది దాటి మంచిర్యాలకో వరంగల్‌కో తీసుకుపోవాలి. బండి కింద ఛాతీ చిక్కుకున్న మనిషికి అంత సమయం ఉండదు. చిన్న ఆల్టో కారే ఏడు వందల కిలోలకు పైన తూగుతుంది, బొలెరో అయితే ఒకటిన్నర టన్నుల పైనే. అందులో నాలుగో వంతు మీద పడినా ఎముక విరగకుండానే ప్రాణం పోవచ్చు. బరువు కింద ఛాతీ విచ్చుకోదు, ఊపిరి లోపలికి పోదు. మెదడుకు గాలి అందకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మనిషిని బయటికి తీసినా దక్కించుకోవడం కష్టం. పైగా నోరు తెరిచి కేక వేయాలన్నా ఊపిరి కావాలి కదా. పెరట్లో ఉన్న ఇంటివాళ్లకు వినబడకుండానే అంతా అయిపోతుంది.

జాకీని చేసిందే లేపడానికి. బండితో పాటు కంపెనీ ఇచ్చే మడత జాకీకి కింద అరచేయంత పాదం, పైన చిన్న గాడి మాత్రమే ఉంటాయి. దారిలో పంక్చరైతే స్టెప్నీ మార్చే అయిదు పది నిమిషాల కోసం తయారైన వస్తువది. ఇక ట్రాక్టర్లవాళ్లు, జీపులవాళ్లు వాడే బాటిల్ జాకీ బరువంతా లోపలి నూనె మీద ఆగుతుంది. ఆ నూనెను ఆపేది రబ్బరు సీలు. అది పాతబడి చిట్లితే, వాల్వులో ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే, రాడ్డు మెల్లగా దిగుతుంది. ఒక్కోసారి ఒక్కసారిగానే దిగుతుంది. కొత్త జాకీ కొన్నాం కదా అనుకోవద్దు. కొత్తదైనా పక్కకు పడిపోగలదు. బండి ఒక వైపు లేస్తుంటే, నేల మీద ఉన్న మిగతా చక్రాలు ఇరుసుగా అది కొంచెం కొంచెం పక్కకు తిరుగుతుంది. నిటారుగా పెట్టిన జాకీ మనం చూస్తుండగానే వాలుతుంది. ఆ స్థితిలో బిగుసుకున్న నట్టును పానాతో గట్టిగా గుంజితే చాలు.

హ్యాండ్ బ్రేకు వేశాం, గేరులో పెట్టాం అనే ధీమా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. బాగా పని తెలిసినవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. మన దగ్గర తిరిగే కార్లలో చాలావాటికి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక రెండు చక్రాలూ గాలిలో ఉంటే ఆ బ్రేకు వేసినా వేయకపోయినా ఒకటే. ఆల్టో, స్విఫ్ట్ లాంటి కార్లలో ఇంజిను తిప్పేది ముందు చక్రాలను కాబట్టి గేరు ఆపేదీ వాటినే. ముందు చక్రం ఒకటి లేపారనుకోండి. డిఫరెన్షియల్ వల్ల గాలిలో ఉన్న చక్రం వెనక్కి తిరిగి, నేల మీదున్న రెండోదాన్ని ముందుకు దొర్లనిస్తుంది. గేరు వేసి ఉన్నా బండి కదులుతుంది. బొలెరోకు ఇంజిను బలం పోయేది వెనక చక్రాలకే, హ్యాండ్ బ్రేకు పట్టేదీ వాటినే. వెనక యాక్సిల్ మొత్తం లేపితే ఆ బండిని ఆపేది ఇంకేదీ లేదు. అందుకే ముందు లేపితే వెనక చక్రాలకు, వెనక లేపితే ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. టైరుకు రెండు వైపులా పెట్టాలి. చేతికందిన గుండ్రాయి వద్దు, అది టైరుతో పాటే దొర్లుతుంది. ఏటవాలుగా కోసిన చెక్క ముక్క మేలు.

ఇక నేల సంగతి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగిన సంగతి గోదావరికి ఈవలి ఒడ్డున ఉన్న మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పైన ఎంత గట్టి కాంక్రీటున్నా కింద పునాది కదిలితే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంది. జాకీ పాదం కింద నేల కూడా అంతే. వాన పడిన నల్లరేగడిలో అది వంకరగా దిగబడుతుంది. ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో ఇసుక పరుచుకున్న వాకిళ్లు చాలా ఉన్నాయి, అక్కడ ఇంకా త్వరగా దిగబడుతుంది. మే నెల ఎండకు మెత్తబడిన తారురోడ్డు కూడా బండిని నిలిపే జాకీ స్టాండు కాళ్లను మింగుతుంది. రెండంగుళాల మందం, మూరెడు పొడుగున్న పలకను జాకీ కింద ఒకటి, స్టాండు కింద ఒకటి వేయండి. వాలు నేల మీద లేపకండి. సిమెంటు చప్టా ఉన్న పొరుగింటికి బండిని తోసుకుపోవడానికి మొహమాటపడకండి.

బండి బరువును మోయాల్సింది జాకీ స్టాండు. మూడు నాలుగు కాళ్లు, మధ్యలో ఎత్తు మార్చుకునే స్తంభం, పైన గాడి ఉంటాయి. కొనేటప్పుడు పళ్ల కొక్కెంతో ఆగే రకం కన్నా ఇనుప పిన్ను అడ్డంగా దూర్చే రకం అడగండి. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ పది లక్షలకు పైగా స్టాండ్లను వెనక్కి తీసుకుంది. వాటి పళ్లు బరువు మీద జారిపోయే ప్రమాదం బయటపడడమే కారణం. అక్కడ ఇంటి గ్యారేజీల్లో సొంతంగా రిపేర్లు చేసుకునే మన పిల్లలకు కూడా ఈ మాట చేరవేయండి. ఆస్ట్రేలియాలో వాహన జాకీలకు, స్టాండ్లకు భద్రతా ప్రమాణం చట్టప్రకారం తప్పనిసరి. మన దగ్గర కొనేవాడే చూసుకోవాలి. ఎంత బరువు మోస్తుందో స్టాండు మీద రాసి ఉందా, అతుకులు నిండుగా ఉన్నాయా చూడండి. ఊళ్లో పైపు ముక్కలు తెచ్చి అతికించిన స్టాండు మీద నాకు నమ్మకం లేదు. అతుకు లోపల బోలుగా ఉంటే పైకి కనబడదు.

ఇటుకలు పేర్చడం మాత్రం ఇవాళే మానేయండి. ఇటుక గానీ, బోలు సిమెంటు దిమ్మ గానీ ఒక మూల బరువు పడగానే పగిలిపోతుంది, ముందు సైగ చేయదు. స్టాండు లేనప్పుడు మొద్దు చెక్కలు ఇటుకల కన్నా ఎంతో నయం. చెక్క నలుగుతుంది, కిర్రుమంటుంది, బయటికి రావడానికి రెండు క్షణాలు ఇస్తుంది. ఆలాపల్లి, సిరొంచ టేకుకు పేరున్న అడవులు మనవి. వడ్రంగి దగ్గర మిగిలిన మందపాటి తుండు ముక్కలు అడిగి తెచ్చుకుని, రెండు నిలువుగా, రెండు అడ్డంగా, మళ్లీ రెండు నిలువుగా పేర్చండి. పుచ్చినవి, బీటలు వారినవి పక్కన పడేయండి.

పని వరస ఇది. తాళంచెవి జేబులో వేసుకోవాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు సగం వదులు చేయాలి. కారు పక్క అంచు కింద, ముందు చక్రం వెనకా వెనక చక్రం ముందూ, కంపెనీ గుర్తు పెట్టిన గట్టి చోట్లుంటాయి. జాకీ అక్కడే ఆనాలి. 2022 జూలై వరదలో మునిగిన బండ్లయితే ఆ అంచును ముందు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. లోపల తుప్పు తిన్న రేకులోకి జాకీ తల దూసుకుపోతుంది. బొలెరోకు స్టాండును వెనక యాక్సిల్ కింద, కమాన్ పట్టీలకు దగ్గరగా పెట్టొచ్చు. స్టాండు పెట్టాక జాకీని దించి, బరువంతా స్టాండు మీద కూర్చోనివ్వాలి. అప్పుడు బయట నిలబడి బండిని చేత్తో ఊపి చూడాలి. ఇప్పుడు కదిలేదేదో మీరు కిందకు పోయాక కూడా కదులుతుంది. విప్పిన చక్రాన్ని గోడకు ఆనించకుండా, బండి అంచు కింద పడుకోబెట్టండి. స్టాండు మోసం చేసినా బండి దాని మీద ఆగి కొంత సందు మిగులుతుంది.

ట్రాక్టరు ట్రాలీ గురించి రైతులకు వేరుగా చెప్పాలి. డబ్బా పైకి లేపి, కింద గ్రీజు కొట్టడానికి పిల్లవాణ్ని పంపడం మన ఊళ్లలో మామూలు. దాన్ని పైన నిలిపేది కూడా నూనె ఒత్తిడే. పైపు పగిలినా, ఎవరి మోచేయో లివరుకు తగిలినా డబ్బా రెప్పపాటులో పడుతుంది. ముందు సరుకు దించి, డబ్బాకూ ఛాసిస్‌కూ మధ్య మందపాటి దుంగ నిలబెట్టి, ఇంజిను ఆపాక కిందికి వెళ్లాలి. పిల్లవాడు అసలు వెళ్లకూడదు.

ఒంటరిగా ఈ పని చేయకండి. అక్కలూ, వదినెలూ, మీరు పక్కన ఒక మంచం వేసుకుని కూర్చున్నా చాలు, ఆ కూర్చోవడమే ఒక ప్రాణానికి కాపలా. పిల్లలను, మేకలను, కోళ్లను దూరంగా ఉంచండి. బండి మీద పడితే ఒకరు 108కి ఫోను చేస్తుండాలి. మిగతావాళ్లు చక్రాలకు అడ్డు పెట్టి, ఇంకో జాకీతో లేపాలి. జాకీ లేకపోతే చేతులతోనైనా లేపాలి. లేచిన ప్రతి అంగుళానికీ కింద చెక్క దూర్చాలి, చేతులు ఎంతోసేపు పట్టలేవు. బయటికి తీసిన మనిషి లేచి మాట్లాడుతున్నా దవాఖానకు తీసుకుపోవాల్సిందే. లోపలి దెబ్బలు గంటల తర్వాత బయటపడతాయి.

చివరగా ఊరికి ఒక కోరిక. ఇంటింటికీ స్టాండ్లు కొనలేం, కొనాల్సిన అవసరమూ లేదు. మంచి స్టాండ్ల జత ఒక బొలెరో టైరు ఖరీదు కన్నా తక్కువకే వస్తుంది. గ్రామపంచాయతీవాళ్లు, యువజన సంఘాలవాళ్లు, జీపుల యజమానులు, బచత్ గట్‌ల (పొదుపు సంఘాల) అక్కచెల్లెళ్లు తలా కొంత వేసుకుంటే ఊరికి రెండు జతలు, నాలుగు అడ్డుచెక్కలు, నాలుగు పలకలు సమకూరుతాయి. వాటిని టైరు పంక్చరు దుకాణంలోనో, ఎప్పుడూ మనిషి ఉండే కిరాణా కొట్టులోనో పెట్టండి. తీసుకుపోయినవారి పేరు గోడ మీద సుద్దముక్కతో రాయండి, తిరిగిచ్చాక చెరిపేయండి. అద్దె పెట్టకండి. అద్దె పెడితే రెండు ఇటుకలే చవక అనుకుంటారు. పక్కనే తెలుగులోనూ మరాఠీలోనూ పెద్ద అక్షరాలతో ఈ జాగ్రత్తలు రాసిన ఒక బోర్డు వేలాడదీయండి. చదవలేని మాడియా అన్నదమ్ములకు దుకాణం మీదివాళ్లు నోటితో చెప్పండి. ఐటీఐలో చదివే పిల్లలు ఒక సంతరోజున నిజం బండిని లేపి, స్టాండు మీద నిలిపి అందరికీ చూపిస్తే ఇంకా బాగుంటుంది. ఈ ఏడు వరికోతలు మొదలై ట్రాలీలు రోడ్డెక్కేలోపు ఇది మీ ఊళ్లో జరిగేలా చూడండి.