ఆదేశానికి అంకె, మనిషికి మాట

కంప్యూటరు తెరమీద 'తెరువు', 'భద్రపరచు', 'ముద్రించు' అంటూ వరుసగా కనిపించే ఆదేశాల పట్టికను మెనూ అంటారు. తొలినాళ్లలో ఈ మాటలను ప్రోగ్రామును నడిపే సూచనల మధ్యనే రాసేవారు కనుక, మరో భాషలో మెనూ కావాలంటే ప్రోగ్రామునే విప్పి మళ్లీ కట్టవలసి వచ్చేది; ఆదేశాన్ని పేరు పెట్టి పిలిచే మాక్రో, అంటే పనుల వరుసను దాచుకున్న చిన్న రాత, భాష మారగానే ఆ పేరు దొరకక నిలిచిపోయేది. 1984లో వచ్చిన ఆపిల్ మెకింతోష్ ఈ మాటలను 'రిసోర్సులు' అనే వేరే అరలోకి మార్చింది. ఆ పద్ధతిలో యంత్రం ఆదేశాన్ని మెనూ సంఖ్యతోను, అందులోని వరుస సంఖ్యతోను గుర్తుపడుతుంటే, మనిషి తన భాషలోని మాటతో గుర్తుపట్టగలిగాడు.

మన భాషలకు మాటకన్నా ముందు కంప్యూటరులో అక్షరాలే కరువు. బ్రాహ్మీ నుంచి పుట్టిన ప్రధాన భారతీయ లిపుల్లో ఒకే ధ్వనికి ఒకే సంకేతాన్నిచ్చిన ఇస్కీ అనే సంకేత పద్ధతి 1991లో జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. అదే ఏడాది, ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల అరను కేటాయించింది. అక్షరం కుదిరాక మాట వంతు వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో విరివిగా వాడే 'గెట్‌టెక్స్ట్' పద్ధతిలో ప్రతి ఇంగ్లీషు వాక్యం పక్కన అనువాదాన్ని ఒక ఫైలులో రాస్తే, ప్రోగ్రాము నడిచేటప్పుడు దాన్ని వెదికి తెచ్చుకుంటుంది.

పని తేలికే అనిపించే ఈ చోటనే తెలుగు వ్యాకరణం అడ్డు నిలుస్తుంది. ఏదైనా ఫైలును తొలగించమనే వాక్యంలో ఫైలు పేరు కోసం ఖాళీ వదులుతారు. ఇంగ్లీషులో క్రియ తర్వాత ఆ పేరును చేరిస్తే సరిపోతుంది గాని, తెలుగులో పేరు ముందుకు వచ్చి, క్రియ చివరికి పోయి, నడుమ విభక్తి చేరాలి. ఆ విభక్తి కూడా పేరును బట్టి మారుతుంది: జాబితాను, చిట్టీని, పుస్తకాన్ని. యంత్రానికి ఇది తెలియదు కనుక అనువాదకులు 'అనే ఫైలును' అని చేర్చి గట్టెక్కుతారు. ఇది తెలివైన ఉపాయమే, అయినా భాషకు తగినట్టు ప్రోగ్రామును కట్టకపోవడం వల్ల వచ్చిన అవసరమిది.

ఇక ఏ తెలుగు అన్నది అసలు ప్రశ్న. 'తెరుచుట' అనే గ్రాంథిక రూపం ఎవరి నోటా లేదు. కోస్తాలో 'రాయడం, చూడడం' అనే చోట కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో 'రాసుడు, చూసుడు' అంటారు. ఆదేశం పని పేరు కాదు, పని చేయమనే మాట కనుక, 'తెరువు, రాయి, చూడు' అనే విధ్యర్థక రూపమే అన్ని ప్రాంతాలకూ చేరువవుతుంది. అనువాదాల్లో 'ఫైలు'కు నిలిచిన 'దస్త్రం' పారసీ మూలం నుంచి కచేరీల గుండా వచ్చిన మాట. నిజాం కాలపు రెవెన్యూ నుడికారం ఇంకా వినిపించే ఈ జిల్లాల్లో అది కొత్తగా తోచదు. అటువంటి మాటను వెతికిపట్టడం కొత్త సంస్కృత సమాసాన్ని పోతపోయడం కన్నా ఎంతో మేలు.

ఇదే ఆదిలాబాద్ జిల్లాలోని మరో భాష గోండి. అక్కడి నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గోండి లిపికి 2018 జూన్‌లో యూనికోడ్ 11వ సంచిక 63 సంకేతాలు ఇచ్చింది. అవి మొదటి 65,536 స్థానాలకు అవతల ఉండడంతో, ఆ హద్దు దాటని పాత ప్రోగ్రాములు వాటిని ఒకే అక్షరంగా చదవలేవు. అంతకన్నా పెద్ద అడ్డంకి అనువాద ఫైలులోనే ఉంది: దాని మూలవాక్యం ఇంగ్లీషులో ఉంటుంది; గోండి, తెలుగు రెండూ బాగా వచ్చిన ఉట్నూరు ఉపాధ్యాయుడికి మాత్రం ఇంగ్లీషు మెనూ పరాయిది కావచ్చు. అనువాదానికి వాడే కొన్ని పనిముట్లు మూలం పక్కన మరో భాష అనువాదాన్ని కూడా చూపిస్తాయి. ఆ ఉపాధ్యాయుడు అప్పుడు తెలుగు వరుసను చూసి గోండి రాస్తాడు, ఆ వరుసలో 'తెరుచుట' అని ఉంటే దాని అర్థం కోసం ముందు నిఘంటువు తీయవలసి వస్తుంది.