కలిసుండాలంటే కాగితం కావాలి

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి, లిస్బన్ అబ్బాయి. పరిచయం ఓ సదస్సులో, ప్రేమ ఫోన్లో. పెళ్ళికి ఇద్దరికీ తొందర లేదు. ముందు ఓ ఏడాది ఒకే ఇంట్లో ఉండి చూద్దామనుకున్నారు. ఇంతవరకూ పేచీ లేదు. ఆ ఇల్లు ఏ దేశంలో అన్న ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఇలాంటి జంటలు ఇప్పుడు అరుదేమీ కాదు కాబట్టి వీళ్ళనే ఉదాహరణగా తీసుకుందాం.

అమ్మాయి షెంజెన్ టూరిస్టు వీసా మీద వెళితే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. గడువు ముగిసే వేళ సరిహద్దు దాటి స్పెయిన్‌కో ఫ్రాన్స్‌కో వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుందనుకునేవాళ్ళు చాలామంది. రాదు. ఆ దేశాలన్నిటికీ కలిపి లెక్క ఒక్కటే. అబ్బాయే ఇండియాకు వస్తే? ఏడాది, ఐదేళ్ళ ఈ-టూరిస్టు వీసాలున్నాయి గానీ, ఒక కేలండర్ సంవత్సరంలో 180 రోజులు దాటకూడదు. మన దేశంలో సహజీవనం నేరం కాదు. 2005 నాటి గృహ హింస చట్టం వివాహం వంటి సంబంధాన్ని గుర్తించింది కూడా. వీసా నిబంధనలు మాత్రం గుర్తించవు. భారతీయురాలి భర్తకు ఎంట్రీ వీసా ఉంది, ప్రియుడికి లేదు.

పెళ్ళి కాకపోయినా భాగస్వామిగా ఒప్పుకునే దేశాలు లేకపోలేదు. కెనడా ఏడాది సహజీవనానికి రుజువు అడుగుతుంది. ఆస్ట్రేలియాదీ 12 నెలల లెక్కే. అక్కడి కొన్ని రాష్ట్రాల్లో సంబంధాన్ని రిజిస్టర్ చేయించుకుంటే ఆ గడువు మినహాయిస్తారు, కానీ దరఖాస్తు రుసుమే 9 వేల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. బ్రిటన్ 2024లో కాస్త సడలించింది. ఒకే కప్పు కింద ఉండాలన్న పట్టు వదిలి, రెండేళ్ళుగా దాంపత్యం లాంటి బంధం ఉందని చూపితే చాలంటోంది. మొత్తమ్మీద, కలిసుండే వీసా కావాలంటే ముందే కలిసున్నట్టు చూపాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదన్న సామెత వీసా అధికారులకు ఎవరు చెప్పారో!

వాళ్ళడిగే రుజువులు కూడా మన ఊళ్ళలో అంత తేలిగ్గా దొరికేవి కావు. ఇద్దరి పేర్ల మీదా ఇంటి అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంటు, ఒకే చిరునామాకు వచ్చిన కరెంటు బిల్లులు. పెళ్ళికాని జంటకు ఇల్లివ్వడానికే యజమానులు సవాలక్ష ప్రశ్నలు వేసేచోట, ఒప్పందంలో రెండు పేర్లూ రాయమంటే రాస్తారా? వందల ఫొటోలూ, వేల మెసేజీలూ ఉన్నా, అధికారి దృష్టిలో వాటి బరువు కరెంటు బిల్లంత ఉండదు.

ఈ తలనొప్పంతా ఎందుకు, పెళ్ళి చేసుకోండని పెద్దలు అంటారు. దానికీ ఓ క్రమం ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉండాలి, ఆపైన నోటీసుకు మరో 30 రోజులు. పెళ్ళయ్యాక ఏ దేశం షరతు ఆ దేశానిది. జర్మనీ 2007 నుంచి వచ్చే జీవిత భాగస్వామికి ప్రాథమిక జర్మన్ రావాలంటోంది. బ్రిటన్‌లో 2012లో 18,600 పౌండ్లుగా పెట్టిన కనీస వార్షికాదాయాన్ని 2024 ఏప్రిల్‌లో 29,000కు పెంచారు. అమెరికా కాబోయే భర్తకో భార్యకో వీసా ఇస్తుంది గానీ, దిగిన 90 రోజుల్లో పెళ్ళి జరగాలి.

పెళ్ళితో వచ్చిన హక్కు పెళ్ళితోనే పోవచ్చన్న సంగతి మాత్రం చాలామంది అడగరు. భారతీయుల విదేశీ భాగస్వామికి, పెళ్ళి రిజిస్టరై రెండేళ్ళు నిలిచాక ఓసీఐ కార్డుకు అర్హత వస్తుంది. పౌరసత్వానికైతే ఇక్కడ ఏడేళ్ళ నివాసం కావాలి. విడాకులైతే ఆ ఓసీఐని రద్దు చేసే అధికారం చట్టం కేంద్రానికి ఇచ్చింది. ఇరవయ్యేళ్ళు ఇక్కడే కాపురం చేసి, పిల్లల్ని భారత పౌరులుగా పెంచిన విదేశీ కోడలికైనా అంతే. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో హింసకు గురైన భాగస్వామి, బంధం తెగినా అక్కడే ఉండిపోయేందుకు ప్రత్యేక నిబంధనలున్నాయి. పిల్లను విదేశానికి పంపే తల్లిదండ్రులు అబ్బాయి జీతం కంటే ముందు తెలుసుకోవలసింది ఇదే అంటాను.

ఇక పొరుగు దేశాలవారితో పెళ్ళయితే నిబంధనల మీద రాజకీయాల నీడ కూడా పడుతుంది. తల్లిదండ్రుల్లో, తాతముత్తాతల్లో ఒక్కరు పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులైనా ఓసీఐ లేదు, చేతిలో ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్టే అయినా సరే. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదుల దాడి తర్వాత ప్రభుత్వం పాకిస్తానీయుల వీసాలు రద్దు చేసినప్పుడు అటారీలో కనిపించిన దృశ్యం తెలిసిందే. పాకిస్తాన్‌లో కాపురముంటూ పుట్టింటికి వచ్చిన స్త్రీలు కొందరివి భారత పాస్‌పోర్టులు, పిల్లలవి పాకిస్తాన్‌వి. పిల్లలు వెళ్ళవచ్చు, తల్లి వెళ్ళకూడదు అన్నారు.

అందుకే మన హైదరాబాద్ అమ్మాయికి నా సలహా, అబ్బాయి మీద ఆధారపడని వీసా చూసుకోమని. పోర్చుగల్ 2022 అక్టోబర్ నుంచి, బయటి దేశంలోని కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసేవారికి విడిగా వీసా ఇస్తోంది. ఆదాయం అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లుండాలి. మన ఐటీ జీతాల్లో పైమెట్టున ఉన్నవారికే అది అందుతుంది. అందితే మాత్రం ఏడాది గడపడానికి ఎవరి హామీ పత్రమూ అక్కర్లేదు. ఆ ఏడాది బాగా గడిచి, ఇంకో ఏడాది పొడిగించుకోగలిగితే, రెండేళ్ళు కలిసున్న జంటను గుర్తించే 2001 నాటి చట్టం అక్కడ ఉంది. బాగా గడవకపోతే తన వీసాతో తాను వేరే ఇల్లు చూసుకోవచ్చు. ప్రస్తుతానికి ఆమె ఒప్పించాల్సింది లిస్బన్ అబ్బాయిని కాదు. ఎక్కడి నుంచైనా పని చేయవచ్చని రాసివ్వాల్సిన హైదరాబాద్ మేనేజర్ని.