తప్పు పేరు రాసిన తీగ, పేరే లేని బటన్

కృత్రిమ మేధ మీద వ్యాసం అనగానే మనలో చాలామందిమి ఉద్యోగాలు, డీప్‌ఫేక్‌లు, డేటా గోప్యత అని మూడు పేరాలు రాసి బయటపడతాం. నేనూ అలాగే రాసేవాణ్ణి. ఖరగ్‌పూర్‌లో కూర్చుని చదువుతుంటే మాత్రం ఈ అంశానికి ఒక రైలు ప్రమాదం అడ్డొస్తుంది.

2023 జూన్ 2న బహానగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి మళ్లి, ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. స్టేషన్ ఒడిశాలో ఉన్నా అది ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్ డివిజన్ కిందిది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఊరు ఇది. ఆ బండి వెళ్లే దారి కూడా మన కోస్తా జిల్లాల మీదుగానే. ఇక్కడివాళ్లకు అది దూరపు వార్త కాదు.

రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక చెప్పింది ఇది: లెవెల్ క్రాసింగ్ గేటు బ్యారియర్ మార్చే పనిలో తీగలు తప్పుగా కలిపారు. లొకేషన్ బాక్సులో తీగల మీద రాసి ఉన్న పేర్లే తప్పు. ఆ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. పాయింటు లూప్ లైన్‌కు ఉంటే సిగ్నల్ మెయిన్ లైన్‌కు పచ్చ చూపింది. 2022 మే 16న ఇదే డివిజన్‌లో బాంక్రా నయాబాజ్ దగ్గర తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే బహానగా జరిగేది కాదని కూడా నివేదిక రాసింది. వైరింగ్ పటాలు, పత్రాలు, సర్క్యూట్ల మీది అక్షరాలు సరిచేసే డ్రైవ్ పెట్టాలన్నది దాని సిఫార్సుల్లో ఒకటి.

ఇప్పుడు ఫోన్‌కు వద్దాం. యాప్‌లో లోపం ఎక్కడుందో వెతకడానికి ఏఐ ఏజెంట్లను వాడటం మొదలైంది. ఏజెంటుకు మనలా కళ్లు లేవు. ఒక పనిముట్టు అందించేదే దానికి తెలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో యూఐ ఆటోమేటర్ డంప్ అలాంటిది. తెర మీది ప్రతి అంశాన్నీ దాని రాత, గుర్తింపు పేరు, వర్ణన, కొలతలతో ఒక జాబితాగా ఇస్తుంది. ఏ పనిముట్టును ఎప్పుడు వాడాలో ఏజెంటు ఎక్కువగా ఆ పనిముట్టుకు రాసిన వివరణ చదివే నిర్ణయించుకుంటుంది. అంటే ఆ నాలుగు వాక్యాల వివరణే ఇక్కడ తీగ మీది పేరు.

'తెరను చూపిస్తుంది' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏమవుతుంది? పొడవైన జాబితాలో తెర కిందికి ఉన్న వరుసలు స్క్రోల్ చేసేదాకా డంప్‌లో రావు. గేమ్‌లాగా బొమ్మ గీసి చూపించే భాగమంతా ఒకే పెట్టెగా వస్తుంది. యానిమేషన్ ఆగకపోతే డంప్ అసలు రాకపోవచ్చు. ఇవేవీ వివరణలో లేకపోతే 'నాకు కనిపించలేదు' అన్నదాన్ని ఏజెంటు 'లేదు' అని రాసేస్తుంది. పై అధికారి బల్ల మీదికి 'లోపం లేదు' అని నివేదిక వెళుతుంది. నాకు భయం ఇక్కడే. పనిముట్టు ఏం చూస్తుందో రాయడం అందరూ చేస్తారు. ఏం చూడలేదో రాసే ఓపికే తక్కువ.

కొత్త మోడళ్లు స్క్రీన్‌షాట్ చూసి బటన్‌ను గుర్తుపడతాయి కదా, ఇక ఈ జాబితాలెందుకు అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఫొటోలో బటన్ కనిపిస్తుంది, దాని లోపలి పేరు కనిపించదు. చూపులేని వ్యక్తికి టాక్‌బ్యాక్ వినిపించేది ఆ లోపలి పేరే. అది ఖాళీగా ఉంటే 'డబ్బు పంపు' అన్నదీ 'రద్దు' అన్నదీ ఆయనకు ఒకటే. స్క్రీన్‌షాట్ ఒక్కటే చూసిన ఏజెంటు ఆ తెరకు నూటికి నూరు మార్కులు వేస్తుంది!

ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును 21వ అధికరణంలో భాగంగా చూసింది. ఈ-కేవైసీ నడిపే సంస్థలు ధ్రువీకృత నిపుణులతో ఎప్పటికప్పుడు యాక్సెసిబిలిటీ ఆడిట్ చేయించుకోవాలని ఆదేశించింది. రేపు ఆ నిపుణుల చేతిలోనూ ఏజెంట్లే ఉంటాయి. కాబట్టి నా వాదన ఇది: ఏ పనిముట్టుతో, ఏ వెర్షన్‌తో చూశారు, ఆ పనిముట్టుకు కనిపించనివి ఏమిటి అన్న పేజీ జతచేయని ఆడిట్ నివేదికను ప్రభుత్వ శాఖ వెనక్కి పంపాలి. టెండర్ పత్రంలోనే ఈ షరతు పెట్టాలి. యాప్ మారినప్పుడల్లా ఆ పేజీ మారాలి. పాత పేజీ అసలు పేజీ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్ముతారు. పని ఆలస్యమవుతుందన్న అభ్యంతరం నిజమే. గేటు దగ్గర పని చేసేవాళ్లకూ తొందర ఉంటుంది.

జీఎస్-2లో ఈ-గవర్నెన్స్ పరిమితులు అడిగినా, జీఎస్-4లో జవాబుదారీతనం అడిగినా ఇది పనికొస్తుంది. రాసే ముందు మీ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఏదైనా ఒక యాప్‌లో టికెట్ తీయడానికి ప్రయత్నించండి. పేరు లేకుండా ఉత్త 'బటన్' అని ఎన్నిసార్లు వినిపించిందో లెక్కపెట్టుకోండి.